సొరచేపల మధ్య ఈదిన మనిషి - జాక్ కూస్తో



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక గొప్ప వ్యక్తి జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, కలాం గారి గురించి మన అన్నలు, తమ్ముళ్ళు చక్కగా రాశారు. ఈసారి నన్ను రాయమన్నప్పుడు ఎవరి గురించి రాయాలా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి ఇంతవరకు మన సంచికలో ఎవరూ వెళ్ళని చోటికి, అంటే సముద్రం అడుగుకి, మిమ్మల్ని తీసుకువెళ్దామని నిశ్చయించుకున్నాను.

నేను ఈ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో లైబ్రరీ బీరువాలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. చదవడం వచ్చేది కాదు, బొమ్మలు చూసేవాళ్ళం. ఒక పేజీలో ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న బక్కపలుచని ముసలాయన. తరువాతి పేజీలో నీటి అడుగున ఒక ఇనుప బోను, అందులో ఒక మనిషి, బోను చుట్టూ సొరచేపలు. జూలో జంతువు బోనులో ఉంటుంది, మనం బయట నిలబడి చూస్తాం. ఇక్కడ మనిషి బోనులో ఉన్నాడు, సొరలు బయట తిరుగుతూ ఆయన్ని చూస్తున్నాయి! ఆ బొమ్మ మీద స్టడీ అవర్‌లో మేము చాలాసేపు వాదించుకున్నాం, తిట్లు కూడా తిన్నాం. ఆ ముసలాయన పేరు జాక్ కూస్తో అని తరువాత తెలిసింది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి జాక్వెస్ అని చదవకండి. ఫ్రెంచివారు జాక్ అనే పలుకుతారు.

సముద్రం పక్క ఊళ్ళ నుండి వచ్చిన మిత్రులకు సొర కొత్త కాదు. బాలింతలకు పాలు పడతాయని పాలసొర వండి పెడతారు. సినిమాల్లో చూసినవాళ్ళకు మాత్రం సొర అంటే రాక్షసి. కూరా కాదు, రాక్షసీ కాదు, అది మనలాంటి ప్రాణి అని తెలుసుకోవడానికి కూస్తోకి సగం జీవితం పట్టింది. అంతకు ముందు ఆయన కూడా సొరల్ని చంపిన మనిషే. నేను ఆయన్ని ఎంచుకున్నది ఇందుకే.

జాక్ 1910 జూన్ 11న ఫ్రాన్స్ దేశంలో, బోర్డో నగరానికి దగ్గరలోని సెంట్ ఆంద్రే ద క్యుబ్‌జాక్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి డేనియల్, తల్లి ఎలిజబెత్. తండ్రి ధనవంతుల దగ్గర ఉద్యోగం చేసేవాడు, యజమాని ఎక్కడికి వెళితే కుటుంబం అక్కడికి. జాక్‌కి చిన్నప్పుడు ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. రక్తహీనత, కడుపునొప్పి. చూడటానికి పుల్లలా ఉండేవాడు. అటువంటి పిల్లవాడు ఈత మాత్రం మానలేదు.

పదేళ్ళ వయసులో కుటుంబం కొంతకాలం అమెరికాలో న్యూయార్క్ నగరంలో ఉంది. వేసవిలో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక సరస్సు ఒడ్డున పిల్లల శిబిరానికి పంపారు. అక్కడి మాస్టారికి గుర్రపుస్వారీ చేయని పిల్లలంటే గిట్టదు. జాక్‌కి గుర్రమంటే ఇష్టం లేదు. దానికి శిక్షగా సరస్సులో పిల్లలు దూకే చోట నీటి అడుగున పేరుకుపోయిన కొమ్మలూ రెమ్మలూ తీసి శుభ్రం చేయమన్నారు. కళ్ళద్దాలు లేవు, ఏమీ లేవు. ఊపిరి బిగబట్టి మునగడం, చేతికి దొరికినది లాగడం, పైకి రావడం. నీటి లోపల మొట్టమొదటిసారి ఎక్కువసేపు ఉన్నది అప్పుడే. శిక్ష వేసిన ఆ మాస్టారికి తాను ఏం చేశాడో తెలియదు పాపం!

పదమూడేళ్ళకి దాచుకున్న డబ్బుతో ఒక సినిమా కెమెరా కొన్నాడు. కొన్న వెంటనే దాన్ని మొత్తం విప్పి, మళ్ళీ బిగించాడు. చదువులో మాత్రం అంతంతమాత్రమే. బడి కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు బడి నుండి తీసేశారు. అప్పుడు తల్లిదండ్రులు ఆల్సేస్ ప్రాంతంలో క్రమశిక్షణకు పేరుపడ్డ ఒక రెసిడెన్షియల్ పాఠశాలలో చేర్పించారు. అంటే ఆయన కూడా మనలాగే హాస్టల్ పిల్లవాడే! విచిత్రమేమిటంటే ఇంట్లో ఉన్నప్పుడు రాని చదువు హాస్టల్లో వచ్చింది. 1930లో బ్రెస్ట్ పట్టణంలోని నౌకాదళ అకాడమీలో సీటు సంపాదించాడు.

నౌకాదళంలో చేరినా మనసు మాత్రం విమానాల మీద ఉంది. నౌకాదళ పైలట్ కావాలని శిక్షణలో చేరారు. శిక్షణ పూర్తి కావచ్చిన రోజుల్లో ఒక రాత్రి తండ్రి కారు తీసుకొని కొండ దారిలో వెళుతుంటే హెడ్‌లైట్లు ఆరిపోయి కారు బోల్తా పడింది. రెండు చేతులూ విరిగాయి. ఒక చేయి తీసేయాలని వైద్యులు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నెలల తరబడి ఒక్కొక్క వేలూ కదిలించడం నేర్చుకోవలసి వచ్చింది. పైలట్ ఆశ అక్కడితో అడుగంటింది. ఆయన్ని మధ్యధరా సముద్ర తీరంలోని టూలాన్ నౌకా కేంద్రానికి బదిలీ చేశారు. చేతులకు బలం రావాలని రోజూ సముద్రంలో ఈదేవారు.

1936లో ఒకరోజు తోటి అధికారి ఫిలిప్ తయియే నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకొని తల నీళ్ళలో ముంచారు. పైన ట్రాము బండ్లు, కరెంటు స్తంభాలు, జనం. తల ముంచితే రాళ్ళ మీద నాచు అడవులు, రంగురంగుల చేపలు. తల ఎత్తితే మళ్ళీ ట్రాము బండ్లు. ఆ రోజుతో ఆయన జీవితం మారిపోయింది. తయియే, ఫ్రెడరిక్ డ్యూమా, కూస్తో, ఈ ముగ్గురూ జట్టు అయ్యారు. 1937లో సిమోన్ మెల్కియోర్ అనే యువతితో వివాహం జరిగింది. వారికి ఇద్దరు కొడుకులు, జాన్ మిషెల్, ఫిలిప్.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి, లేకపోతే ఆయన చేసిన పని గొప్పతనం అర్థం కాదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పొడవాటి గొట్టం నోట్లో పెట్టుకొని లోతుకు వెళ్ళి పైనుండి గాలి పీల్చుకుందామంటే కుదరదు. నీరు ఛాతీని నొక్కేస్తుంది, ఊపిరితిత్తులు విప్పారవు. పీల్చే గాలి కూడా చుట్టూ ఉన్న నీటి పీడనంతో సమానమైన పీడనంలో అందాలి. ఆ రోజుల్లో డైవర్లు ఇత్తడి శిరస్త్రాణం, సీసపు బూట్లు వేసుకొని దిగేవారు. పైన పడవలోని పంపు నుండి గొట్టం ద్వారా గాలి వచ్చేది. కట్టేసిన గేదె గుంజ చుట్టూ తిరిగినట్లు ఆ గొట్టం పొడవు మేరకే తిరగాలి. శుద్ధమైన ఆక్సిజన్ తీసుకువెళ్ళే సాధనాలు కూడా ఉండేవి. కూస్తో వాటిని ప్రయత్నించి రెండుసార్లు చావు అంచుదాకా వెళ్ళారు. పీడనం పెరిగితే ఆక్సిజనే విషమవుతుంది. సుమారు 14 మీటర్ల లోతులో ఆయనకు మూర్ఛ వచ్చి, స్పృహ తప్పే లోపల నడుముకున్న బరువులు వదిలేసి పైకి తేలారు.

తరువాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్ జర్మనీ చేతిలోకి పోయింది. పెట్రోలు దొరకక కార్లను గ్యాసుతో నడిపేవారు. ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు, ఇంజనుకు ఎంత అవసరమో అంతే గ్యాసును వదిలే ఒక చిన్న వాల్వు తయారుచేశాడు. గాన్యాన్ పనిచేసే ఎయిర్ లిక్విడ్ కంపెనీలోనే సిమోన్ తండ్రి పెద్ద ఉద్యోగి. ఆ విధంగా అల్లుడికీ ఇంజనీరుకీ పరిచయమైంది. ఇంజనుకు బదులు మనిషి ఊపిరితిత్తులకు అదే విధంగా గాలి ఇవ్వలేమా అన్నది ప్రశ్న. వాల్వులో ఒక పల్చని రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒక పక్క సముద్రపు నీరు, మరో పక్క మనిషి పీల్చే గాలి. పీల్చగానే పొర లోపలికి వంగి వాల్వు తెరుచుకుంటుంది, సిలిండర్ నుండి నీటి పీడనానికి సమానంగా గాలి వస్తుంది. పీల్చడం ఆపగానే మూసుకుంటుంది.

1943 జనవరిలో పారిస్ దగ్గర మార్న్ నదిలో, ఎముకలు కొరికే చలిలో, మొదటి పరీక్ష చేశారు. ఫలితం సగమే. నిలువుగా ఉంటే గాలి వృథాగా పోతోంది, తలకిందులుగా ఉంటే గాలి అందడం లేదు. ఇద్దరూ ఉసూరుమంటూ తిరిగి వెళుతూ దారిలోనే లోపం కనిపెట్టారు. గాలి వచ్చే చోటూ, విడిచిన గాలి బయటికి పోయే చోటూ ఒకే ఎత్తులో లేవు. రెంటినీ పక్కపక్కన పెట్టారు, పని జరిగింది. ఆ యంత్రమే ఆక్వా లంగ్. ఈనాడు స్కూబా డైవింగ్ అని మనం అంటున్న ఆటకీ, వృత్తికీ తల్లివేరు అదే.

జూన్‌లో ఆ సాధనం రైల్లో పెట్టెలో వచ్చింది. బాందోల్ అనే ఊరి దగ్గర ఒక మరుగు ప్రదేశంలో కూస్తో నీళ్ళలోకి దిగారు. పైన సిమోన్ తేలుతూ కిందికి చూస్తూ ఉంది. డ్యూమా ఒడ్డున సిద్ధంగా ఉన్నారు, ఏదైనా జరిగితే దూకడానికి. కూస్తో పల్టీలు కొట్టారు, తలకిందులుగా నిలబడ్డారు, చేపలా అన్ని దిక్కులకూ తిరిగారు. ఒక గుహ పైకప్పుకు ఎండ్రకాయల జాతివైన పెద్ద లాబ్‌స్టర్లు అంటుకొని కనిపించాయి. యుద్ధం రోజులు, తిండికి కటకట. వాటిని ఒక్కొక్కటిగా పట్టి పైన ఉన్న సిమోన్‌కి అందించారు. గొప్ప ఆవిష్కరణ జరిగిన రోజున కూడా మధ్యాహ్నం భోజనంలోకి ఏమిటన్నది మరచిపోని మనిషి. మెస్సు గంట కోసం చెవులు రిక్కించే మనకు ఈ సంగతి నచ్చకపోదు.

యుద్ధం ముగిశాక నౌకాదళంలోనే సముద్రగర్భ పరిశోధన బృందం ఏర్పడింది. లోతుకు వెళ్ళాలన్న ఉత్సాహానికి మూల్యం కూడా చెల్లించారు. 1947లో మోరిస్ ఫార్గ్ అనే సహచరుడు 120 మీటర్ల లోతులో పలక మీద తన సంతకం పెట్టి, ప్రాణం విడిచాడు. అంత లోతులో గాలిలోని నత్రజని మనిషికి సారాయిలా మత్తెక్కిస్తుంది. ఆ పలక మాత్రం పైకి వచ్చింది.

ఇప్పుడు సొరచేపల దగ్గరికి వద్దాం. 1948లో పరిశోధన పనిమీద ఆఫ్రికా పడమటి తీరానికి, కేప్ వర్డ్ దీవుల వైపు వెళ్ళారు. అక్కడ నడి సముద్రంలో కూస్తో, డ్యూమా ఇద్దరూ కెమెరాతో దిగారు. ఒక బూడిదరంగు సొర కనిపించింది. మధ్యధరాలో అంతవరకు చూసిన సొరలు మనిషిని చూసి తప్పుకునేవి. ఇదీ అంతేనని ధైర్యంగా దగ్గరికి వెళ్ళారు. తరువాత రెండు నీలి సొరలు వచ్చి కలిశాయి. మూడూ వలయంగా తిరుగుతున్నాయి, వలయం చిన్నదవుతోంది. సొరల్ని తరుముతుందని చెప్పిన మందు బిళ్ళలు కాళ్ళకు కట్టుకున్నారు, సొరలు లెక్కచేయలేదు. గాలి బుడగలు వదిలారు, నీళ్ళలోనే అరిచారు, చేతులు ఊపారు. ఏదీ పనిచేయలేదు. సిలిండర్లలో గాలి తరిగిపోతోంది, పడవ ఎక్కడ ఉందో తెలియదు. చివరికి బూడిద సొర సూటిగా మీదికి వచ్చినప్పుడు కూస్తో చేతిలో ఉన్న కెమెరాతో దాని ముట్టె మీద కొట్టారు. అది పక్కకు తప్పుకుంది. పడవవాళ్ళు వచ్చి ఇద్దరినీ లాగేశారు.

ఆ రోజు తరువాత కూస్తో రెండు పనులు చేశారు. ఒకటి, సొర ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేమని, దాన్ని ఎంత ఎక్కువగా చూస్తే అంత తక్కువ తెలుస్తుందని రాసుకున్నారు. రెండోది, బోను చేయించారు. నేను పుస్తకంలో చూసింది ఆ జాతి బోనునే. నిజం చెప్పాలంటే సొరల మధ్య మొట్టమొదట ఈది సినిమా తీసినవాడు కూస్తో కాదు, ఆస్ట్రియాకు చెందిన హాన్స్ హాస్. కానీ లోకం గుర్తుపెట్టుకున్నది ఎర్ర టోపీ ఆయన్నే. పేరు రావడం అన్నది ఒక విచిత్రమైన విషయం.

1950లో కాలిప్సో అనే ఓడ దొరికింది. అమెరికాలో 1942లో తయారైన చెక్క ఓడ అది. యుద్ధంలో సముద్రంలోని మందుపాతరలు ఏరడానికి బ్రిటిషువారు వాడారు, తరువాత మాల్టాలో జనాన్ని దాటించే ఫెర్రీ అయ్యింది. గిన్నిస్ కుటుంబానికి చెందిన ఒక ధనవంతుడు కొని ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకు కూస్తోకి ఇచ్చారు. ఓడకు కావలసిన సామానుకి సిమోన్ తన నగలు అమ్మారు. ఆమె ఓడలో గడిపిన కాలం కూస్తో గడిపిన దానికంటే ఎక్కువ. సిబ్బంది అందరికీ అమ్మలా చూసుకున్నారు. కానీ కెమెరా ముందుకి రావడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. అందుకే ఆయన పేరు తెలిసినంతగా ఆమె పేరు ఎవరికీ తెలియదు.

ఆ ఓడ మీద ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం తిరిగి, లూయీ మాల్ అనే యువ దర్శకుడితో కలిసి 'నిశ్శబ్ద ప్రపంచం' అనే రంగుల చిత్రం తీశారు. 1956లో కాన్ చలన చిత్రోత్సవంలో దానికి అత్యున్నత బహుమతి వచ్చింది, ఆ తరువాత ఆస్కార్ కూడా వచ్చింది. అంతవరకు నీటి కింద లోకాన్ని అంత రంగులతో కోట్లమంది చూసింది లేదు.

ఆ సినిమాలో ఒక దృశ్యం ఉంది. దాన్ని దాటవేసి ఆయన జీవిత చరిత్ర రాస్తే అది పొగడ్త అవుతుంది గాని చరిత్ర కాదు. కాలిప్సో తిమింగలాల గుంపు వెంట పోతుంటే ఒక పిల్ల తిమింగలం ఓడ ప్రొపెల్లర్ కింద పడి కోసుకుపోయింది. ఇక బతకదని దాన్ని తుపాకీతో కాల్చారు. రక్తం వాసనకు సొరలు ముప్పై దాకా చేరాయి. బోనులో దిగి అవి తినడాన్ని ఫిల్ము తీశారు. ఆ తరువాత ఓడ మీది నావికులకు పట్టరాని కోపం వచ్చింది. కొక్కేలతో, గొడ్డళ్ళతో సొరల్ని డెక్కు మీదికి లాగి ఒక్కొక్కదాన్నీ కొట్టి చంపారు. సొర అంటే నావికుడికి పుట్టు పగ అన్నట్లు సినిమాలో చెప్పుకున్నారు. పిల్ల తిమింగలాన్ని కోసింది సొరలా, ఓడా? ఓడ చేసిన దానికి సొరలకు శిక్ష పడింది. అప్పట్లో హాల్లో కూర్చున్నవాళ్ళు ఎవరూ ఈ ప్రశ్న వేసినట్లు లేదు, కూస్తో కూడా వేసుకోలేదు.

అదే సినిమాలో ఇంకొకటి. ఒక పగడపు దిబ్బ దగ్గర ఎన్ని రకాల చేపలున్నాయో లెక్కించడానికి డైనమైట్ పేల్చారు. చచ్చి తేలిన చేపల్ని ఏరి వరుసగా పెట్టారు. మన ఊరి చెరువుల్లో తోటా పేల్చి చేపలు పట్టేవాళ్ళను చూసి ఊళ్ళో పెద్దలు తిడతారు. చేపలు పట్టుకోవడానికి అలా చేస్తే అది ఘోరమే గాని తమది పరిశోధన కాబట్టి తప్పదని సినిమాలో వివరించారు. వినడానికి బాగానే ఉంటుంది. చేపకు మాత్రం తేడా తెలియదు.

మార్పు ఒక్కరోజులో రాలేదు. నాకు తోచినంతవరకు అది ఎక్కువసేపు నీటి కింద ఉండటం వల్ల వచ్చింది. 1963లో సూడాన్ దేశపు ఎర్ర సముద్ర తీరంలో షాబ్ రూమీ అనే పగడపు దిబ్బ దగ్గర, 10 మీటర్ల లోతున నక్షత్రం ఆకారంలో ఒక ఇనుప ఇల్లు నిలబెట్టారు. అందులో ఐదుగురు మనుషులు నెల రోజులు కాపురమున్నారు. తలుపు తీస్తే సముద్రం. కిటికీలోంచి చూస్తే చేపలు. చుట్టూ సొరలు ఉదయం సాయంత్రం తమ పని తాము చూసుకుంటూ తిరిగేవి. డైవర్లు దాక్కోవడానికి అక్కడక్కడ బోనులు పెట్టారు. ఓడ మీద నిలబడి గొడ్డలి పట్టుకున్నవాడికి సొర శత్రువులా కనిపిస్తుంది. ఇరుగు పొరుగుగా నెల రోజులున్నవాడికి అలా కనిపించదు. ఈ ప్రయోగం మీద తీసిన చిత్రానికి కూడా ఆస్కార్ వచ్చింది. ఆ బోనుల అవశేషాల మీద ఆ తరువాత పగడాలు పెరిగాయి.

1967లో కాలిప్సో మళ్ళీ ఎర్ర సముద్రానికి, హిందూ మహాసముద్రానికి వెళ్ళింది. ఈసారి సొరల్ని చదవడమే ముఖ్యమైన పనుల్లో ఒకటి. చిన్న కొడుకు ఫిలిప్ తండ్రితో ఉన్నారు. సొరలకు గుర్తు బిళ్ళలు తగిలించి వదిలారు. చివర చిన్న మేకులున్న కర్ర ఒకటి డైవర్ల చేతికి ఇచ్చారు. పొడవడానికి కాదు, సొర మరీ దగ్గరికి వస్తే గాయం చేయకుండా నెట్టడానికి. ఇద్దరు డైవర్లు వీపూ వీపూ ఆనించి ఈదేవారు, ఎటునుండి వచ్చినా ఒకరి కంట పడుతుందని. గొడ్డలి పోయి కర్ర వచ్చింది చూడండి.

ఆ సినిమా 1968 జనవరిలో అమెరికా టెలివిజన్‌లో వచ్చింది. ఆయనకు ఇంటింటా పేరు తెచ్చిన సముద్రగర్భ ధారావాహికలో మొదటి భాగమే సొరల గురించి. ఆ అనుభవాల మీద తండ్రీ కొడుకులు కలిసి 1970లో సొరల గురించి ఒక పుస్తకం రాశారు. ఆ పుస్తకం పేరులోనే సొరను అద్భుతమైన క్రూరజీవి అన్నారు. అంటే మెచ్చుకోలు వచ్చింది గాని పాత భయం పూర్తిగా పోలేదు. అది నాకు నిజాయితీగానే అనిపిస్తుంది. మనిషి మనసు స్విచ్చు వేసినట్లు మారదు కదా.

సొర గురించి ఇప్పుడు శాస్త్రవేత్తలకు తెలిసినవి కొన్ని చెప్పాలి. వాసన సంగతి అందరికీ తెలుసు. దాని శరీరం పక్కన పొడవునా ఉన్న ఒక రేఖ నీటి కదలికల్ని పట్టేస్తుంది. ముట్టె మీద సన్నని రంధ్రాలుంటాయి. ఇసుకలో దాక్కున్న చేప గుండె కొట్టుకున్నా, కండరం కదిలినా పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తు వాటికి తెలిసిపోతుంది. కూస్తో 1948లో కెమెరాతో కొట్టింది సరిగ్గా అక్కడే. అది ఎందుకు తప్పుకుందో అర్థమైంది కదా!

ఇదంతా జరుగుతుండగానే సముద్రం మారిపోవడం ఆయన కంటపడింది. ఇందులో ఆయనకున్న సౌకర్యం మరెవరికీ లేదు. తొలి రోజుల నుండి తీసిన ఫిల్ములు ఉన్నాయి, అవే చోట్లకు మళ్ళీ దిగితే తేడా కళ్ళకు కడుతుంది. కుర్రతనంలో తాను, డ్యూమా వేటాడిన మధ్యధరా తీరంలో పెద్ద చేపలు కనిపించకుండా పోయాయి. 1960లో ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ రేడియోధార్మిక వ్యర్థాలను మధ్యధరాలో పడేయాలనుకున్నప్పుడు ఆయన బహిరంగంగా ఎదిరించారు. అప్పుడాయన మొనాకోలోని సముద్ర శాస్త్ర మ్యూజియం డైరెక్టరు. ప్రభుత్వంతో తగవు తనకు మంచిది కాదని తెలిసీ వెనక్కి తగ్గలేదు. తీరప్రాంత ప్రజలు కూడా లేచారు, ఆ ప్రయత్నం ఆగింది. 1973లో సముద్ర రక్షణ కోసం తన పేరున ఒక సొసైటీ స్థాపించారు. 1990లో అంటార్కిటికాలో గనులు తవ్వరాదని దేశదేశాల్లో సంతకాలు సేకరించారు, మరుసటి ఏడు మాడ్రిడ్‌లో దేశాలు ఆ మేరకు ఒప్పందం చేసుకున్నాయి.

ఇంటి విషయంలో మాత్రం సముద్రం కఠినంగానే ఉంది. 1979 జూన్ 28న పోర్చుగల్‌లో లిస్బన్ దగ్గర టాగస్ నదిలో నీటి విమానం కూలి ఫిలిప్ మరణించారు. వయసు 38. సొరల మధ్య బోను లేకుండా ఈదిన కుర్రవాడు, ఒక నదిలో పోయాడు. తండ్రి ఆ తరువాత ఆ సంగతి మాట్లాడటానికి ఇష్టపడేవారు కాదంటారు. 1990లో సిమోన్ కన్నుమూశారు. 1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జి ఢీకొని కాలిప్సో మునిగిపోయింది. దాన్ని పైకి తీశారు గాని మళ్ళీ ఆయన దాని మీద ప్రయాణం చేయలేదు. 1997 జూన్ 25న పారిస్‌లో, 87వ ఏట, జాక్ కూస్తో మరణించారు. పుట్టిన ఊళ్ళోనే సమాధి చేశారు.

ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1998లో, సముద్రపు నీరు వేడెక్కి ప్రపంచమంతటా పగడాలు తెల్లబడిపోయాయి. హిందూ మహాసముద్రంలో ఆయన ఫిల్ము తీసిన ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ఆ తరువాత అది మళ్ళీ మళ్ళీ జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి జరుగుతోందని 2024లో ప్రకటించారు. సొరల లెక్క కూడా ఆయన తరువాతి వాళ్ళు తీశారు. 1970 నుండి దాదాపు యాభై ఏళ్ళలో నడి సముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గిపోయాయని 2021లో తేల్చారు. ముఖ్య కారణం హద్దు లేని వేట. 1970 అంటే తండ్రీ కొడుకుల పుస్తకం వచ్చిన సంవత్సరం. మనుషులు సొరల్ని ప్రేమగా చూడటం మొదలుపెట్టినది కూడా అప్పుడే!

మన తీరంలోనే 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డున వలలో చిక్కిన ఒక పెద్ద వేల్ షార్క్‌ని మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఇది సొరల్లో కెల్లా పెద్దది, మనిషిని ఏమీ చేయదు. 2001 నుండి మన దేశంలో దాన్ని పట్టడం నేరం. దాన్ని నెట్టినవాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళు లేవు.

చివరగా ఒక్క విషయం. వేడెక్కిన గోలీసోడాలో గ్యాసు నిలవదు, అలాగే వేడెక్కిన సముద్రంలో ఆక్సిజన్ నిలవదు. ఆఫ్రికా పడమటి తీరాన లోతు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా ఉండే పొర ఒకటి ఉంది, అది ఏటేటా వ్యాపిస్తోంది. కొన్ని నీలి సొరలకు ఉపగ్రహ పరికరాలు తగిలించి గమనించిన శాస్త్రవేత్తలు 2021లో ఒక సంగతి బయటపెట్టారు. లోతుకు వెళ్ళి వేటాడే అలవాటున్న ఆ సొరలు, ఆ ప్రాంతంలో కింద ఊపిరాడక పైపైనే ఈదుతున్నాయి. పైన చేపల ఓడలు మైళ్ళ పొడవున గాలాల తాళ్ళు వేసి ఉంటాయి. అది కేప్ వర్డ్ సముద్రం. 1948లో కూస్తో, డ్యూమా గాలి అయిపోవచ్చిన సిలిండర్లతో, పడవ కోసం పైకి చూస్తూ ఈదింది అక్కడే.